క్లోరిన్ డయాక్సైడ్ దేన్ని చంపుతుంది, దేన్ని చంపదు

గుత్తి కోటకూ కలరాకూ పాత సంబంధం ఉంది. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోతే, తెచ్చి గుత్తిలో పాతిపెట్టారు. 1831లో అవశేషాలను మద్రాసు కోటకు తరలించారు. గవర్నరు కాబట్టి తేదీతో సహా చరిత్రలో మిగిలాడు. అదే కలరాకు మాలపల్లెల్లో, మాదిగ వాడల్లో పోయినవాళ్ల పేర్లు మనకు దొరకవు. ఆ రోగం నీళ్ల ద్వారా వస్తుందని అప్పటి వైద్యులకు తెలియదు. అయితే ఆ క్రిమిని చంపగల ఒక వాయువును ఇంగ్లండులో హంఫ్రీ డేవీ అప్పటికే తయారు చేసి ఉన్నాడు. పసుపూ ఆకుపచ్చా కలిసిన రంగు, ఘాటు వాసన, గాలిలో పాలు పెరిగితే పేలిపోయే గుణం. అదే క్లోరిన్ డయాక్సైడ్. తాగునీటి ప్లాంటులో దాని వాడకం 1944లో గానీ మొదలు కాలేదు. అమెరికాలోని నయాగరా ఫాల్స్‌లో, అదీ మొదట నీటి దుర్వాసన పోగొట్టడానికి.

ఇప్పుడది మాత్రలుగా, రెండు పొడుల ప్యాకెట్లుగా, సీసాల్లో బజారులో దొరుకుతోంది. నీళ్లలో కలపమంటారు, ఆస్పత్రి నేల తుడవమంటారు, తాగితే రోగాలన్నీ పోతాయని చెప్పేవాళ్లూ ఉన్నారు. మొదటి రెండింటికీ శాస్త్ర ఆధారం ఉంది. మూడోదానికి లేదు. ఈ మందులు కలిపే చేతులు ఎక్కువగా మన వాడలవే కాబట్టి, ఆ తేడా మనకు వివరంగా తెలిసి ఉండాలి.

పేరులో క్లోరిన్ ఉన్నా ఇది క్లోరిన్ కాదు. ఒక క్లోరిన్ పరమాణువుకు రెండు ఆక్సిజన్ పరమాణువులు అతుక్కుని ఉంటాయి. బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో కలిపితే హైపోక్లోరస్ ఆమ్లం పుడుతుంది, క్రిములను చంపేది ప్రధానంగా అదే. కానీ నీళ్లలో క్షారగుణం పెరిగేకొద్దీ, అంటే పీహెచ్ 7.5 దాటేకొద్దీ, ఆ ఆమ్లం తగ్గి బలహీనమైన రూపంలోకి మారిపోతుంది. క్లోరిన్ డయాక్సైడ్‌కు ఈ ఇబ్బంది పెద్దగా లేదు. వాయువుగానే నీళ్లలో కరిగి ఉండి, క్రిమి పొరలోని ప్రొటీన్ల నుంచి ఎలక్ట్రాన్లు లాక్కుంటుంది. అనంతపురం పీఠభూమిలోని ఫ్లోరైడ్ బోరు నీళ్లు చాలాచోట్ల క్షారగుణంతోనే ఉంటాయి కాబట్టి ఇది మనకు పట్టింపు ఉన్న విషయమే.

ఎంత తేడా? మందు మోతాదును, అది నీళ్లతో కలిసి ఉన్న నిమిషాలతో గుణించి శాస్త్రవేత్తలు ఒక లెక్క వేస్తారు. జియార్డియా అనే విరేచనాల క్రిమిని వెయ్యింటికి ఒకటి మిగిలేలా చంపడానికి, 25 డిగ్రీల వేడి నీళ్లలో, క్లోరిన్ డయాక్సైడ్‌కు ఆ లెక్క 11 చాలు. పీహెచ్ 7 దగ్గర మామూలు క్లోరిన్‌కు దాదాపు 37 కావాలి. అమెరికా పర్యావరణ సంస్థ పట్టికల్లోని అంకెలివి. క్రిప్టోస్పోరిడియం అనే మరో క్రిమి మీద మామూలు క్లోరిన్ దాదాపు పనిచేయదు. క్లోరిన్ డయాక్సైడ్ పనిచేస్తుంది, కానీ చాలా ఎక్కువ సమయం కావాలి. బురదతో, ఆకులతో కలిసిన నీళ్లలో క్లోరిన్ వేస్తే ట్రైహాలోమీథేన్లు అనే హానికర పదార్థాలు తయారవుతాయి, క్లోరిన్ డయాక్సైడ్‌తో ఆ బెడద చాలా తక్కువ.

అయితే దీని చెత్త దీనికుంది. నీళ్లలో వేసిన క్లోరిన్ డయాక్సైడ్‌లో సగం నుంచి 70 శాతం దాకా క్లోరైట్‌గా మారుతుంది. తాగునీటిలో క్లోరైట్ లీటరుకు 0.7 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అందుకే మోతాదు ఇష్టమొచ్చినట్టు పెంచడానికి వీల్లేదు. క్లోరైట్ ఎక్కువైతే ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది. జీ6పీడీ లోపం ఉన్నవాళ్లకూ పసిపిల్లలకూ ఆ ప్రమాదం ఎక్కువ. పైగా ఈ వాయువును సిలిండర్లలో కుక్కి లారీల్లో పంపలేరు, వాడేచోటే తయారు చేసుకోవాలి. ఎండకు విరిగిపోతుంది, మూత లేని తొట్టి నుంచి గాలిలోకి ఎగిరిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన మిద్దెల మీది ట్యాంకులను ఒకసారి ఊహించుకోండి.

ఫ్లోరైడ్‌ను ఇది తీయదు, నైట్రేట్‌నూ ఉప్పునూ తీయదు. ఈ మాట గట్టిగా చెప్పాలి. ‘శుద్ధి చేసిన నీళ్లు’ అన్న ఒక్క ముక్క కింద క్రిములు లేని నీళ్లనూ ఫ్లోరైడ్ లేని నీళ్లనూ కలిపేస్తున్నారు. క్రిమిని చంపే మందు ఎంత గొప్పదైనా, వంకర తిరుగుతున్న కాళ్లకు అది జవాబు కాదు.

శుద్ధి అన్న మాటకు మన చరిత్రలో ఇంకో అర్థమూ ఉంది. 1927 మార్చి 20న అంబేడ్కర్ నాయకత్వాన మహాడ్ చవదార్ చెరువులో దళితులు నీళ్లు తాగారు. తర్వాత సవర్ణులు ఆ చెరువును ‘శుద్ధి’ చేశారు. ఆవు పేడ, మూత్రం, పాలు, పెరుగు అందులో పోసి. క్రిముల శాస్త్రం చూస్తే శుభ్రంగా ఉన్న నీళ్లను పాడుచేసిన పని అది. 1985 జూలైలో కారంచేడు గొడవ కూడా మాదిగలు తాగే నీళ్లను మురికి చేయడం దగ్గరే మొదలైంది, అడ్డుకున్నందుకు ఆరుగురి ప్రాణాలు తీశారు. చెరువును ఎవరు పాడుచేస్తున్నారో, ఎవరిని అంటు అంటున్నారో పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

కోవిడ్ నాడు ఈ పాత బుద్ధి స్ప్రేయర్ పట్టుకుని వచ్చింది. 2020 మార్చి 30న ఉత్తరప్రదేశ్‌లోని బరేలీలో, ఊళ్లకు తిరిగొస్తున్న వలస కూలీలను రోడ్డు మీద కూర్చోబెట్టి సోడియం హైపోక్లోరైట్ కొట్టారు. మనుషుల మీద మందు కొట్టొద్దని కేంద్ర ఆరోగ్య శాఖ ఏప్రిల్‌లో చెప్పాల్సి వచ్చింది. అలాంటి సొరంగాలను ఆపించమని సుప్రీంకోర్టు అదే ఏడాది నవంబర్ 5న ఆదేశించింది. దీనికి పక్కన ఇంకో సంఘటన పెట్టి చూడాలి. 2001లో ఆంత్రాక్స్ పొడి ఉన్న ఉత్తరాలు వచ్చినప్పుడు, వాషింగ్టన్‌లోని హార్ట్ సెనేట్ భవనాన్ని క్లోరిన్ డయాక్సైడ్ వాయువుతోనే శుభ్రం చేశారు. ముందు మనుషులందరినీ బయటికి పంపి, తలుపులు మూసి, తర్వాతే వాయువు వదిలారు. సెనేటర్ల కార్యాలయానికి పాటించిన ఆ జాగ్రత్త కూలీలకు దక్కలేదు.

తాగించే వ్యాపారం సంగతి పొడవుగా చెప్పక్కర్లేదు. ‘మిరాకిల్ మినరల్ సొల్యూషన్’ పేరుతో సోడియం క్లోరైట్‌ను నిమ్మ ఉప్పుతో కలిపి తాగమని అమ్మినదాని మీద అమెరికా ఔషధ సంస్థ 2010లో, మళ్లీ 2019లో హెచ్చరించింది. కోవిడ్‌కు మందని అమ్మిన ఒక కుటుంబానికి 2023లో ఫ్లోరిడాలో జైలు శిక్ష పడింది. వాంతులు, విరేచనాలు, రక్తపోటు పడిపోవడం దాని ఫలితాలు. విరేచనాలైతే ‘మందు పనిచేస్తోంది’ అని చెప్పడం వాళ్ల తెలివి.

ఇక కలిపే చేతుల మాట. ఎనిమిది గంటల పనిలో గాలిలో క్లోరిన్ డయాక్సైడ్ 0.1 పీపీఎం దాటకూడదని అమెరికా పని భద్రతా నియమం. అంటే కోటి పాళ్ల గాలికి ఒక పాలు. ముక్కుకు వాసన తగిలేదీ సుమారు ఆ దగ్గరే. కాబట్టి ‘కొంచెం ఘాటుగా ఉంది, అంతే’ అనేసరికి హద్దుకు వచ్చినట్టే. గుడ్డ మాస్కు వాయువును ఆపదు. మరుగుదొడ్ల దగ్గర ఇంకా మామూలుగా జరిగే ప్రమాదం ఒకటుంది: బ్లీచింగ్ చల్లిన చోటే బాత్రూం యాసిడ్ పోయడం. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు లేస్తుంది, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. డబ్బా మీద హెచ్చరిక ఇంగ్లిషులో చిన్న అక్షరాల్లో ఉంటే అది ఎవరి కోసం రాసినట్టు? సెప్టిక్ ట్యాంకులో ఏ మందు పోసినా లోపలి విషవాయువులు పోయినట్టు కాదు. మందు పోశాం, దిగు అని ఎవరన్నా అంటే 2013 చట్టం కింద అది నేరం. మురుగు మరణానికి పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబర్‌లో 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది.

మరి గుత్తి లాంటి చోట్ల బ్లీచింగ్ పౌడర్ మానేసి దీనికి మారాలా? చిన్న ఊళ్లకు అక్కర్లేదనే మా అభిప్రాయం. తయారుచేసే యంత్రం, క్లోరైట్ కొలిచే ప్రయోగశాల, శిక్షణ పొందిన మనిషి లేకుండా క్లోరిన్ డయాక్సైడ్ తెస్తే లాభం కంటే నష్టమే ఎక్కువ. తాజా బ్లీచింగ్‌లో మూడో వంతు క్లోరిన్ ఉంటుంది. వెయ్యి లీటర్ల తేట నీళ్లకు 2.5 గ్రాములు వేస్తే లీటరుకు 0.7 నుంచి 0.8 మిల్లీగ్రాములు వస్తుంది. ముద్దలా కలిపి, తేరనిచ్చి, పైనున్న తేట నీళ్లే ట్యాంకులో పోసి, గంట ఆగాలి. మూతి విప్పి వేడి గదిలో పడేసిన బస్తాలో ఆ బలం ఉండదు. పెద్దసార్లు వస్తున్నారంటే రోడ్డు పక్కన ముగ్గు వేసినట్టు చల్లే తెల్లగీతకైతే అసలు ఏ బలమూ లేదు. పొడి దుమ్ములో అది చంపేదేమీ ఉండదు, ఊడ్చేవాళ్ల కళ్లలో పడటం తప్ప.

మందు ఏదైనా గొట్టంలో పోయేకొద్దీ తగ్గిపోతుంది. ఎస్సీ కాలనీ చాలా ఊళ్లలో ఆ గొట్టానికి చివర ఉంటుంది. రోజు విడిచి రోజు వదిలే నీళ్లయితే, ఖాళీ గొట్టం పగుళ్ల దగ్గర పక్క కాలువ మురుగును లోపలికి పీలుస్తుంది. ట్యాంకు కింద పరీక్ష చేసి రిజిస్టరులో రాసుకున్న అంకె ఆ చివరి కుళాయి గురించి ఏమీ చెప్పదు. మిగులు క్లోరిన్ కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలని భారత ప్రమాణం ఐఎస్ 10500. క్లోరోస్కోప్ కిట్టుతో రెండు నిమిషాల్లో తెలుస్తుంది: గొట్టంలో నీళ్లు పోసి చుక్కలు వేస్తే పసుపు రంగు రావాలి. విద్యార్థి సంఘాలు ఈ పని చేయొచ్చు. నీళ్లు వదిలిన రోజు కాలనీ చివరి కుళాయి దగ్గర పరీక్షించి, తేదీ, సమయం, రంగు రాసుకుని, సమాచార హక్కు కింద అదే రోజు రిజిస్టరు నకలు అడిగి, రెండూ పక్కపక్కన పెట్టాలి.