నాలుగు సెంటీమీటర్ల అతుకు

ట్రంపెట్‌ను పోలిన పాత కార్నెట్ చేతికొస్తే చాలామంది ముందు గంటలా విచ్చుకున్న దాని చివర, అంటే బెల్ మీది చెక్కడం చూస్తారు. కంపెనీ పేరు, ఊరు, ఏయే ప్రదర్శనల్లో పతకాలు వచ్చాయో చెప్పే వరుసలు అక్కడుంటాయి. మరమ్మతులో చెయ్యి తిరిగినవాళ్లు మాత్రం దాన్ని తిరగేసి ట్యూనింగ్ స్లైడ్ బయటికి లాగుతారు. గుర్రపు నాడాలా వంగిన ఆ గొట్టానికి రెండు కాళ్లుంటాయి. రెండింటి మీదా ఒకే ఎత్తులో సన్నటి అతుకు ఉంగరంలా చుట్టుకుని ఉందంటే, ఒక్కో కాలికీ రెండేసి సెంటీమీటర్ల ముక్క ఎవరో తర్వాత కలిపారన్నమాట. మొత్తం నాలుగు సెంటీమీటర్లు. ఇది ఇంగ్లండ్ బ్యాండ్లలో మోగిన వాయిద్యం కావచ్చునన్న అనుమానం అక్కడే మొదలవుతుంది.

19వ శతాబ్దంలో శ్రుతికి అన్ని దేశాలూ ఒప్పుకున్న కొలత లేదు. 1859లో ఫ్రాన్స్ ‘ఎ’ స్వరానికి సెకనుకు 435 కంపనాలని నిర్ణయించింది. లండన్‌లో అదే స్వరం 452.5 దాకా పోయేది. 1890ల మధ్యలో లండన్ కచేరీ హాళ్లు శ్రుతి దించాయి. సైనిక బ్యాండ్లు దిగడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది. 1939లో లండన్‌లోనే జరిగిన అంతర్జాతీయ సమావేశం 440 అని తేల్చినా, ఉత్తర ఇంగ్లండ్ గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్ల బ్రాస్ బ్యాండ్లు 1960ల వరకూ పాత హెచ్చు శ్రుతినే పట్టుకుని ఉన్నాయి. అది మొండితనం కాదు, ఖర్చు. పాతికమంది కలిసి ఊదే బ్యాండ్‌లో ఒక్కరు వాయిద్యం మార్చుకుంటే అపశ్రుతే మిగులుతుంది. మారితే అందరూ ఒకేసారి మారాలి. చివరికి హెచ్చు శ్రుతి వాయిద్యాల తయారీ ఆగిపోయింది. కొత్తవి కొనే స్తోమత లేనివాళ్లు ఉన్నవాటినే పొడిగించుకున్నారు.

పొడిగించడం వెనుక లెక్క తేలిక. గొట్టం పొడవు పెరిగితే శ్రుతి తగ్గుతుంది. 452.5 నుంచి 440కి దిగాలంటే పొడవు 2.8 శాతం పెరగాలి. కార్నెట్ చుట్టలన్నీ విప్పి సాగదీస్తే ఒకటిన్నర మీటరుకు కాస్త తక్కువ వస్తుంది. అందులో 2.8 శాతం అంటే నాలుగు సెంటీమీటర్లు. అదే బ్యాండ్‌లోని పెద్ద వాయిద్యం యుఫోనియం గొట్టం దీనికి రెట్టింపు కాబట్టి అక్కడ ఎనిమిది. అయితే పెద్ద స్లైడ్‌తో పని పూర్తి కాదు. ఒక్కో వాల్వ్ నొక్కినప్పుడు గాలి దాని సొంత గొట్టంలోకి కూడా తిరుగుతుంది. ఆ గొట్టాలూ అదే నిష్పత్తిలో పెరగాలి. కార్నెట్ మొదటి వాల్వ్ స్లైడ్‌కు అర సెంటీమీటరు, రెండోదానికి రెండున్నర మిల్లీమీటర్లు, మూడోదానికి దాదాపు ఎనిమిది మిల్లీమీటర్లు కలపాలి. ఈ చిన్న స్లైడ్లలోనూ అతుకులు కనిపిస్తే ఆ పని చేసినవాడికి సంగీతం తెలుసు, లేదా తెలిసినవాడు పక్కన నిలబడి చేయించాడు. పెద్ద స్లైడ్ ఒక్కటే పొడిగించి వదిలేసిన కార్నెట్‌లో వాల్వ్ నొక్కకుండా ఊదే స్వరాలు సరిగ్గా పలుకుతాయి. వాల్వ్ నొక్కగానే శ్రుతి కాస్త పైకి జరుగుతుంది.

ఇక్కడ తొందరపడకూడదు. పొడవాటి స్లైడ్ కనిపించినంత మాత్రాన అది తర్వాతి మార్పే అనుకోనక్కర్లేదు. శ్రుతి ఎటూ తేలని ఆ రోజుల్లో అమెరికన్ తయారీదారులు కొందరు ఒకే పెట్టెలో రెండు స్లైడ్లు పెట్టి అమ్మేవారు, ఒకటి హెచ్చు శ్రుతికి, ఒకటి తగ్గు శ్రుతికి. అవి పుట్టుకతో వచ్చినవే. తేడా పట్టిచ్చేది అతుకే. ఫ్యాక్టరీ స్లైడ్‌లో కాళ్లు మధ్యలో ముక్కలై ఉండవు, లోహం రంగు మొదటి నుంచి చివరిదాకా ఒకటే. కలిపిన ముక్క ఇత్తడి కొద్దిగా ఎర్రగానో పచ్చగానో ఉంటుంది. టంకం పొంగి బూడిదరంగు చారగా గడ్డకట్టి ఉంటుంది.

సీసం, తగరం కలిసిన టంకం 183 డిగ్రీల దగ్గరే కరగడం మొదలవుతుంది. వెండి కలిసిన గట్టి టంకానికి ఆరువందల డిగ్రీలు దాటాలి. అంత వేడి పడితే చుట్టుపక్కల ఇత్తడి మెత్తబడి రంగు మారుతుంది. అందుకే మరమ్మతుదారులు ఎక్కువగా మెత్తటి టంకాన్నే ఆశ్రయించారు. దాని గుర్తులు తుడిచినా పూర్తిగా పోవు. ఒకప్పుడు రెండు గొట్టాల మధ్య ఊతంగా ఉండి తర్వాత ఊడిన పట్టీ కూడా తన అడుగు ఆకారాన్ని మసక మచ్చగా వదిలి వెళ్తుంది. పక్కవాటంగా వెలుతురు పడేలా టార్చిలైటు పట్టుకుంటే ఈ నీడలు బయటపడతాయి. కవాతులో స్వరాల కాగితం తగిలించుకునే చిన్న కమ్మీ ఒకప్పుడు ఇక్కడ ఉండేది, మూడో స్లైడ్‌ను వేలితో లాగే ఉంగరం తర్వాత ఇక్కడ చేరింది. ఇలాంటివన్నీ ఆ మచ్చలే చెబుతాయి. నోటి తడిని వదిలే స్ప్రింగ్ మీట కూడా చాలా పాత వాయిద్యాలకు తర్వాత పెట్టించుకున్నదే.

నంబర్లది ఇంకో సాక్ష్యం. వాల్వ్‌లున్న వాయిద్యాల్లో సీరియల్ నంబరు ఎక్కువగా రెండో వాల్వ్ తొడుగు మీద ఉంటుంది. కొన్ని కంపెనీలు పిస్టన్ల మీద కూడా అదే నంబరు కొట్టేవి. తొడుగు మీద ఒక నంబరు, పిస్టన్ మీద వేరొకటి ఉంటే రెండు వాయిద్యాల నుంచి ఒకటి కూర్చారని అర్థం. పేర్లు కూడా సాయపడతాయి. వాయిద్యాలు చేసే బూసీ కంపెనీ, హాక్స్ కంపెనీ 1930లో కలిశాయి. లండన్‌లోని బెస్సన్ కంపెనీ 1948లో వాళ్ల చేతికి వెళ్లింది. ‘బూసీ అండ్ హాక్స్’ అని జంట పేరున్న బెల్ 1930కి ముందుది కాలేదు. దాని కింది వాల్వ్‌ల నంబరు అంతకు పాతదైతే బెల్ మార్చారన్నమాటే.

చెక్కడం అరిగిన తీరు తెలుగిళ్లలో తెలియనిదేమీ కాదు. అమ్మమ్మకు పెళ్లిలో పెట్టిన ఇత్తడి బిందె మీద పేరు కొట్టించి ఉంటుంది. అరవై ఏళ్లు చింతపండుతో, బూడిదతో తోమాక ఆ అక్షరాల అంచులు మెత్తబడి, లోతు తగ్గి, ఒక్కో గుడి, ఒక్కో దీర్ఘం మాయమవుతాయి. బఫింగ్ చక్రం అదే పనిని పది నిమిషాల్లో చేస్తుంది. తళతళలాడే పాత ట్రంపెట్ మీద పువ్వులూ తీగలూ మసకబారి, పట్టీల అంచులు గుండ్రంగా అరిగి ఉంటే దానికి బాగా సానబట్టి కొత్త లక్కర్ కొట్టారని అర్థం. నేటి రకం పారదర్శక లక్కర్ 1920ల తర్వాతే వాయిద్యాల ఫ్యాక్టరీలకు వచ్చింది. కాబట్టి 1900 నాటి కార్నెట్ మీద గాజులాంటి పూత ఉంటే అది మధ్యలో చేరిందే. ఈ సానబట్టడం చూడటానికి ముచ్చటగా ఉన్నా వాయిద్యానికి జరిగే అన్యాయాల్లో పెద్దది. అరిగిన లోహాన్ని ఎవరూ తిరిగి తేలేరు.

నోటికి దగ్గరి గొట్టానిది వేరే గతి. ఊపిరి తడి, ఉమ్ము రోజూ తగలడంతో ఇత్తడిలోని జింకు మెల్లగా కరిగిపోతుంది. మిగిలిన రాగి గులాబీ చుక్కలై, లోపలి నుంచి బయటికి తొలుచుకుంటూ వస్తుంది. పనివాళ్ల భాషలో దీని పేరు రెడ్ రాట్. వందేళ్ల ట్రంపెట్‌లో ఎక్కువగా మార్చిన భాగం ఇదే, మార్చడంలో తప్పూ లేదు. కొత్త గొట్టం లోపలి కొలత పాతదానితో సరిపోయిందా అన్నదే చూడాలి. ఆ సన్నటి గొట్టం మెల్లగా వెడల్పయ్యే తీరులోనే వాయిద్యం గొంతు సగం దాగి ఉంది.

అన్నిటికంటే పెద్ద మార్పు మాత్రం వాల్వ్‌లే. వాల్వ్ లేని రోజుల్లో కొమ్ము వాయిద్యం సహజంగా పలికే కొన్ని స్వరాలనే ఇచ్చేది. 1818లో హైన్రిక్ ష్టోల్జెల్, ఫ్రీడ్రిక్ బ్లూమెల్ కలిసి ప్రష్యాలో వాల్వ్‌కు పేటెంటు పొందారు. 1839లో పారిస్‌లో పెరినే తెచ్చిన పిస్టన్ నేటి ట్రంపెట్ వాల్వ్‌కు తాత. ఆ దశాబ్దాల్లో ఎన్నో మంచి పాత కొమ్ములను కోసి, మధ్యలో వాల్వ్‌లు పెట్టి మళ్లీ అతికారు. బెల్ ఒక శతాబ్దానిది, వాల్వ్‌లు ఇంకో శతాబ్దానివి అయిన వాయిద్యాలు అలా పుట్టాయి. బెల్ అతుకు చూస్తే వాటి వయసు అంచనాకు వస్తుంది. రేకును చుట్టి, అంచులను రంపపు పళ్లలా కోసి ఒకదానిలో ఒకటి దూర్చి అతికిన గీత పాత చేతిపనికి గుర్తు.

ఫ్రెంచి హార్న్‌లకు 20వ శతాబ్దంలో మరో కోత పడింది. ప్రయాణాల్లో చిన్న పెట్టెలో పట్టడానికి బెల్‌ను మెడ దగ్గర కోసి, మరలున్న వలయాలు అతికించి, విప్పి బిగించేలా మార్చారు. 1930ల చివర్లో వచ్చిన కాన్ 8డి లాంటి పేరున్న మోడళ్లు కూడా ఇలా కోతకు గురయ్యాయి. ఆ వలయం దాచినా దాగదు.

వంపుల్లోనూ తేడా తెలుస్తుంది. 1953 జనవరిలో న్యూయార్క్‌లో ఒక పార్టీలో జాజ్ విద్వాంసుడు డిజీ గిలెస్పీ ట్రంపెట్ మీద ఎవరో పడటంతో బెల్ పైకి వంగింది. ఆ ధ్వని నచ్చి ఆయన తర్వాత అదే వంపుతో ట్రంపెట్ చేయించుకున్నారు. జీవితాంతం ఆయన ఆనవాలు అదే అయింది. ప్రమాదంలో వంగిన గొట్టం లోపలి వైపు ముడతలు పడుతుంది, గుండ్రదనం పోయి నొక్కుకుపోతుంది. వంపుతోనే తయారైన గొట్టం పొడవునా గుండ్రంగానే ఉంటుంది. వేలితో తడిమితే కన్ను చూడలేనిది కూడా దొరుకుతుంది.

మ్యూజియంలకు వేళ్లు చాలనప్పుడు ఎక్స్‌రే యంత్రం తోడొస్తుంది. ఎక్స్‌రే పడ్డ లోహం తిరిగి వదిలే కిరణాలను బట్టి అందులో రాగి ఎంత, జింకు ఎంత, సీసం ఎంత అన్నది గీరకుండానే తెలుస్తుంది. దీని వెనుక లోహ చరిత్ర ఉంది. జింకు 907 డిగ్రీల దగ్గర ఆవిరైపోతుంది, రాగి కరగడానికే 1085 డిగ్రీలు కావాలి. అందుకే యూరప్‌లో రాగిని, జింకు ఖనిజాన్ని, బొగ్గును కలిపి మూసల్లో కాల్చి ఇత్తడి చేసేవారు. ఆ పద్ధతిలో జింకు మూడో వంతుకు మించి పట్టేది కాదు, కల్తీలూ మిగిలేవి. జింకును ఆవిరి పట్టి విడదీసే విద్యకు ఇంగ్లండ్‌లో విలియం ఛాంపియన్ 1738లో పేటెంటు పొందాడు. ఉదయపూర్ దగ్గర జావర్ గనుల్లో అంతకు శతాబ్దాల ముందే ఆ విద్య నడిచింది. 17వ శతాబ్దపు ట్రంపెట్‌లో ఒక గొట్టం మాత్రం కల్తీ లేని శుద్ధ ఇత్తడి అని తేలితే, ఆ ముక్క ఎప్పటిదో ఊహించడం కష్టం కాదు. వెండి పూత, మురికి, పాత టంకం అడ్డొస్తే యంత్రం కూడా పొరబడుతుంది. అందుకే కొలతలు పలుచోట్ల తీస్తారు.

ఈ వాయిద్యాలు మన దేశానికి బ్రిటిష్ పటాలాల బ్యాండ్లతో వచ్చాయి. మీరట్‌లోని జాలీ కోఠీలో వాటిని చేసే పరిశ్రమే వెలిసింది. అక్కడి నాదిర్ అలీ కంపెనీ 1885 నాటిది. తెలుగు ఊళ్ల పెళ్లి ఊరేగింపుల్లో ఊదే బూరలకూ ఆ బజారుకూ సంబంధం ఉంది. బ్యాండ్ మేళం వాయిద్యం మీద సొట్టలు తీసిన గుర్తులు, రాగి రేకు మాట్లు, అరువు తెచ్చిన పిస్టన్ కనిపించడం మామూలే. సీజన్ మధ్యలో పాడైన వాయిద్యం రేపటి ముహూర్తానికి మోగాలి. ఇత్తడి బిందెలకు మాట్లు వేసే చేతులే దానికీ వేస్తాయి. విలువ కట్టేవాళ్లు వీటిని లోపాల పట్టికలో రాసుకుంటారు గానీ, ఎన్ని పెళ్లిళ్లు చూస్తే ఇన్ని మాట్లు పడతాయో కూడా అందులో రాసుకోవాలి.

అందుకే పాత వాయిద్యాన్ని ‘అసలు రూపానికి’ తెస్తామనే తపన ప్రమాదకరం. ముందు అన్ని వైపులా ఫొటోలు తీయాలి, అతుకులు కొలవాలి, నంబర్లు రాసుకోవాలి. తర్వాతే టంకం కరిగించే ఆలోచన. ఆ నాలుగు సెంటీమీటర్ల ముక్కలూ ఊడదీస్తే కార్నెట్ మళ్లీ 452.5కి చేరుతుంది. ఆ శ్రుతిలో పక్కన నిలబడి ఊదే బ్యాండ్ ఇప్పుడు దొరకడం కష్టం.