పడకగదిలో పిండివంటల డబ్బా

సంక్రాంతి వెళ్లి పదిదినములైనను చివ్వెంల ప్రాంతపు ఇండ్లలో సకినాల డబ్బా ఇంకను ఖాళీ కాదు. బియ్యపు పిండిలో నువ్వులు, వాము కలిపి, బట్టపై చుట్లు చుట్టి, కొంత ఆరిన పిమ్మట నూనెలో కాల్చెడి ఈ వంటకు ఇరుగుపొరుగు ఆడువారు నలుగురు కూడుట ఆచారము. అంత శ్రమపడి చేసినది గనుక డబ్బాపై అధికారము ఎవరిదను ప్రశ్నయు ఆ వెంటనే పుట్టుచుండును. పూర్వము ఆ అధికారము నాయనమ్మది. పిల్లలకు వేరు గదియే లేదు గనుక వివాదమును లేదు. నేడు పదవ తరగతి చదివెడి పిల్లకు, ఇంటరు చదివెడి పిల్లవానికి ఒక గదియో, గదిలో ఒక మూలయో ఏర్పడినది. ఆ మూలకు తినుబండారమును చేరుచున్నది. చేరనీయవచ్చునా?

మా యింట ఈ తగవు చీమలతో మొదలైనది. పదునైదేండ్ల మా అమ్మాయి దిండు క్రింద దాచిన అరిసెకు చీమలు పట్టి, తెల్లవారుసరికి గోడపొడవునను బారు తీరినవి. మందలింపబోగా, "రాత్రి పదకొండింటికి ఆకలైతది. వంటింట్లకు పోతే చప్పుడైతదని దాచుకున్న" అన్నది. మాకు జవాబు తోచలేదు. ఆకలి నేరము కాదు; దానిని దాచుకొనవలసి వచ్చుటయే మమ్ము బాధించినది.

ఆ వయసు ఆకలి సామాన్యమైనది కాదు. 1918లో కూనూరున చిన్న పరిశోధనశాలగా పుట్టి 1958లో హైదరాబాదు చేరిన జాతీయ పోషకాహార సంస్థను మీరెరుగుదురు. భారత వైద్య పరిశోధన మండలితో కలిసి ఆ సంస్థ 2020లో ప్రకటించిన లెక్క ప్రకారము, మితముగా శ్రమించు పురుషునికి దినమునకు 2,710 కిలోకేలరీలు చాలును. పదునారు మొదలు పదునెనిమిదేండ్ల బాలునికి 3,320 వలయును! అనగా తండ్రికంటె కొడుకునకు ఎక్కువ తిండి కావలెను. అదే వయసు బాలికకు 2,500 చాలును గాని, ఇనుము మాత్రము 32 మిల్లీగ్రాములు వలయును. తండ్రికి 19 చాలును. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, దేశమందలి 15-19 ఏండ్ల బాలికలలో నూటికి 59 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. అయినను కొన్ని యిండ్లలో కొడుకు రాత్రి తినిన "ఎదిగే పిల్లవాడు" అందురు. కూతురు తినిన "ఇదేమి అలవాటు" అందురు. ఈ రెండు మాటలలో ఏది సరియో పై అంకెలు చూచి మీరే చెప్పుడు.

కావున తినవచ్చునా అనునది ప్రశ్న కాదు. ఏమి తినవలెను, ఎక్కడ నిలువయుంచవలెను అనునదే ప్రశ్న. కిరాణా కొట్టులో పదిరూపాయల పొట్లములలో దొరకు చిప్సు ఉప్పును, నూనెను ఇచ్చును గాని ఇనుమునకు పనికిరాదు. నువ్వుల ఉండ, పల్లీ పట్టి, వేయించిన సెనగలు పనికివచ్చును. అయితే బెల్లపు పాకము పంటికి అంటుకొనునది. ఈ విషయమై స్వీడన్ దేశపు విపెహోల్మ్ ఆసుపత్రిలో 1945 మొదలు పలు వత్సరములు పరీక్షలు జరిగి, ఫలితములు 1954లో వెలువడినవి. అచటి మనోవైకల్యము గల రోగులకు వారి అనుమతి లేకయే టాఫీలు తినిపించిరి. ఆ పని ధర్మమని మేమనము. కాని తేలిన సంగతి నిజము: ఎంత తీపి తిన్నారనుటకంటె, భోజనముల నడుమ ఎన్నిమారులు తిన్నారు, అది పంటికి ఎంతసేపు అంటియున్నది అనునదియే పుప్పికి ముఖ్యకారణము. మంచము ప్రక్కననే బెల్లపుండ యుండిన ఒక్కొక్క ముక్క చొప్పున రాత్రియంతయు నోట నుండును. నిద్రలో లాలాజలము తగ్గుటచే కడుగువాడును లేడు. పెద్దగట్టు జాతరనుండి తెచ్చిన మిఠాయికిని ఇదే న్యాయము.

పల్లీలకు మరియొక చిక్కు కలదు. తేమ తగిలిన పల్లీలపై బూజు పట్టి అఫ్లటాక్సినను విషము పుట్టును. అది కాలేయమునకు చెరుపు. 1960లో ఇంగ్లండున వేలకొలది టర్కీకోళ్లు పల్లీపిండి మేత తిని చచ్చినప్పుడే దీని జాడ తెలిసినది. వానకాలమున గోడలు చెమ్మగిల్లు గదిలో మూతలేని పొట్లముంచుట తగదు. చేదైన పల్లీని నమలక ఉమియవలెను.

ఇక డబ్బాకు తాళము వేయుటయో? 1999లో ఫిషర్, బిర్చ్ అను ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు మూడు మొదలు అయిదేండ్ల పసివారిపై చేసిన పరీక్షలో, అందకుండ చేసిన తిండిమీదనే పిల్లల చూపును, మాటయు ఎక్కువగా నిలిచినవి. పసివారి సంగతి పెద్దపిల్లలకు యథాతథముగ వర్తించునని మేమనము. కాని హాస్టలు ట్రంకుపెట్టె నెరిగిన వారికి సాక్ష్యమక్కరలేదు. 1971లో మన పాత నల్లగొండ జిల్లా సర్వేలులో తొలి గురుకుల పాఠశాల వెలసిన నాటినుండియు ఎందరు తల్లులు ఎన్ని డబ్బాలు కట్టి పంపలేదు! పెట్టెలో సకినాలున్న పిల్లవాడు మొదటి వారము రాజు. రెండవ వారము అందరివంటి వాడు. అచ్చట పంచుకొనుటయు, మిగుల్చుకొనుటయు తానే నేర్చినవాడు సెలవులకు ఇంటికి రాగానే అడిగి తినవలసివచ్చుట వింతయే.

మేము చేసిన ఏర్పాటు ఇది. మూత బిగువైన చిన్న స్టీలు డబ్బా అమ్మాయి గదిలో. సకినాలు, వేయించిన సెనగలు, పల్లీలు అందులో. దానిని ఆదివారము నింపుట, తుడుచుట ఆమె పనియే. అరిసెలు, పల్లీ పట్టి, ఉండలు వంటింట. అవి భోజనముతో తినవలయును. రాత్రి వంటింటి దీపము వెలిగియే యుండును. ఎవరు లేచినను ఎందుకని అడుగము. చీమలు మరల రాలేదు. తమ్ముడు మాత్రము తనకును డబ్బా కావలెనని పట్టుబట్టి కూర్చున్నాడు. వానికి పదకొండేండ్లే, ఆ వ్యాజ్యము ఇంకను తీరలేదు.