షరతు లేని దానపత్రం వృద్ధులకు ముప్పు

సూరత్ : జీవితమంతా పవర్‌లూమ్‌పై పనిచేసి సంపాదించుకున్న ఇంటిని పిల్లల పేర రాసిచ్చేముందు వృద్ధ తల్లిదండ్రులు ఒక్క వాక్యం తప్పక చూసుకోవలసి ఉంది. తమను పోషించాలన్న షరతు దస్తావేజులో లేకపోతే ఆ ఆస్తిని తిరిగి పొందడం కష్టమవుతుంది.

సూరత్‌లోని లింబాయత్ వలస కార్మికుల పేట. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చిన పద్మశాలీలు ఎందరో ఇక్కడ స్థిరపడ్డారు. మరాఠీ, ఒడియా, హిందీ మాట్లాడే కుటుంబాలు వారికి ఇరుగుపొరుగు.

ఇంట్లో తెలుగు, కార్ఖానాలో హిందీ, కాగితాలపై గుజరాతీ. ఆ లిపి చదవలేని వృద్ధులు బ్యాంకు ఫారానికైనా, రిజిస్ట్రేషన్‌కైనా కొడుకుపైనో, మనుమడిపైనో ఆధారపడక తప్పదు. వేలిముద్ర వేయించేవారే దానివల్ల లాభపడేవారైనప్పుడు మోసానికి దారి ఏర్పడుతుంది. స్వగ్రామంలోనైతే పెద్దమనుషులు కల్పించుకుంటారు. పరాయి నగరంలో పరువు పోతుందన్న జంకు నోరు మెదపనివ్వదు.

60 ఏళ్లు దాటినవారిలో ప్రతి ఆరుగురికి ఒకరు ఏడాది కాలంలో ఏదో ఒక వేధింపునకు గురవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. డబ్బు, ఆస్తి కాజేయడం కూడా ఇందులో భాగమే.

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పోషణ షరతుపై ఆస్తి పొంది మాట తప్పితే ఆ బదిలీని రద్దు చేసే అధికారాన్ని 23వ సెక్షన్ ట్రిబ్యునల్‌కు ఇచ్చింది. నెలకు రూ.10,000కు మించకుండా మనోవర్తి కూడా కోరవచ్చు. వృద్ధులు నివసించే జిల్లాలోనే దరఖాస్తు చేసుకోవచ్చు గనుక స్వరాష్ట్రానికి వెళ్లనక్కరలేదు.

అయితే అటువంటి షరతు ఉన్నట్లు రుజువు కావాలని సుప్రీంకోర్టు 2022 డిసెంబర్‌లో స్పష్టం చేసింది. 2025 జనవరి 2న మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కేసులో, చట్టాన్ని వృద్ధులకు మేలు కలిగేలా ఉదారంగా అన్వయించాలని పేర్కొంది. దానపత్రం రాసిన రోజునే కుమారుడు విడిగా రాసిచ్చిన హామీ పత్రం ఆమెకు అక్కరకొచ్చింది. ఆస్తిని తల్లికి తిరిగి అప్పగించాలని కోర్టు ఆదేశించింది.

దానపత్రం రిజిస్టరైతే ఇల్లు వెంటనే చేయి దాటుతుంది. వీలునామా మరణానంతరమే అమలులోకి వస్తుంది, బతికుండగా ఎప్పుడైనా మార్చుకోవచ్చు. సంతకానికి ముందు సంబంధం లేని వ్యక్తితో పత్రాన్ని తెలుగులో చదివించుకోవడం అన్నిటికన్నా సులభమైన రక్షణ. సలహా కోరేవారికి వయోవృద్ధుల జాతీయ హెల్ప్‌లైన్ 14567 ఉంది.