స్కాన్‌లో ఏమీ లేదంటే భయం లేనట్టేనా?

మూత్రంలో రక్తం కనిపిస్తే ఎవరికైనా గుండె జారుతుంది. నొప్పి, మంట ఏమీ లేకుండా ఒక్కసారి కనిపించి మర్నాటికి ఆగిపోతే మాత్రం 'వేడి చేసి ఉంటుందిలే' అనుకుని మజ్జిగ తాగి ఊరుకుంటాం. ప్రమాదం సరిగ్గా అక్కడే ఉంది. మూత్రాశయ క్యాన్సర్‌లో చాలామందికి కనిపించే మొదటి గుర్తు నొప్పి లేని రక్తమే. అది వస్తుంది, ఆగిపోతుంది, కొన్ని వారాలకో నెలలకో మళ్లీ వస్తుంది. రక్తం ఆగిందంటే జబ్బు పోయిందని అర్థం కాదు. అలాగని రక్తం కనిపించిన ప్రతివారికీ క్యాన్సర్ అని కూడా కాదు. రాళ్లు, ఇన్ఫెక్షన్, ప్రోస్టేట్ వాపు వల్ల కూడా రావచ్చు. ఏదన్నది తేల్చుకోవడమే ముఖ్యం.

నేను వైద్యుణ్ణి కాను. మేనేజ్‌మెంట్ చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. కోల్‌కతాలో మా శాఖ ఖిదిర్‌పూర్ రేవుకు దగ్గరలో, వాట్‌గంజ్‌లో ఉంది. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఇక్కడ ఓడల రేవు కట్టించిన కర్నల్ హెన్రీ వాట్సన్ పేరు మీద ఈ పేటకు ఆ పేరు వచ్చింది. ఖిదిర్‌పూర్ డాక్ 1892లో మొదలైంది. రేవు పనికీ, గార్డెన్‌రీచ్‌లోని రైల్వే కొలువులకూ వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ చుట్టుపక్కల ఉన్నాయి. అందువల్ల మా కౌంటర్ దగ్గర బెంగాలీ, హిందీలతో పాటు శ్రీకాకుళం మాట కూడా వినిపిస్తుంది.

నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వచ్చిన ఒక పెద్దాయన తన స్కానింగ్ రిపోర్టు నా ముందు పెట్టాడు. అంతకు నెల ముందు రెండు రోజులు మూత్రం ఎర్రగా వచ్చిందట. "స్కానింగులో ఏటీ నేదన్నారు బాబూ. రగతం కూడా ఆగిపోనాది. మళ్లీ ఆ పెద్దాసుపత్రికి ఎందుకెళ్లాలి?" అన్నాడు. డాక్టరుగారు మాత్రం లోపల కెమెరాతో చూడాలని చీటీ రాశారు. ఆయనకు సమాధానం చెప్పాలని డాక్టర్లను అడిగి, చదివి తెలుసుకున్న సంగతులే ఇవి.

మొదటి పరీక్ష సాధారణంగా అల్ట్రాసౌండ్. సూది లేదు, రేడియేషన్ లేదు, ఖర్చు తక్కువ. నీళ్లు బాగా తాగి రమ్మంటారు. మూత్రాశయం నిండితేనే దాని గోడ సాగి, లోపలికి పొడుచుకొచ్చిన కణితి స్పష్టంగా కనిపిస్తుంది. అనుమానంగా ఏదైనా ఉంటే పక్కకు తిరగమంటారు. రాయి, రక్తపు గడ్డ సాధారణంగా కదులుతాయి. గోడకు అంటుకున్న కణితి కదలదు. డాప్లర్‌తో చూస్తే దానికి రక్తప్రసారం ఉందా అన్నది కూడా తెలియవచ్చు. అయితే కొద్ది మిల్లీమీటర్ల కణితినీ, గోడ మీద పొరలా చదునుగా పాకే రకాన్నీ అల్ట్రాసౌండ్ పట్టుకోలేకపోవచ్చు. 'ఏమీ కనబడలేదు' అనే మాటకూ 'ఏమీ లేదు' అనే మాటకూ తేడా ఇక్కడే వస్తుంది.

రెండోది సి.టి. యూరోగ్రామ్. చేతి నరంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించి, ముందూ తర్వాతా విడతలుగా బొమ్మలు తీస్తారు. మందు ఎక్కించక ముందు తీసిన బొమ్మలో రాళ్లు కనిపిస్తాయి. కొన్ని నిమిషాలు ఆగి తీసే చివరి విడతలో ఆ మందు మూత్రపిండాల నుంచి దిగి, నాళాలనూ మూత్రాశయాన్నీ తెల్లగా నింపుతుంది. ఆ తెలుపులో ఎక్కడైనా ఖాళీ కనిపిస్తే అక్కడ ఏదో ఉన్నట్టు. మూత్రాశయం ఒక్కటే చూస్తే సరిపోదా అంటే, సరిపోదు. మూత్రపిండం లోపలి నుంచి మూత్రాశయం వరకు ఒకే రకం పొర పరచుకుని ఉంటుంది. అందుకే జబ్బు పైన నాళాల్లో కూడా ఉండవచ్చు. కడుపులోని లింఫ్ గ్రంథులు పెరిగాయా అన్నది కూడా ఇందులో చూస్తారు. ఈ పరీక్షకు ముందు క్రియాటినిన్ చూస్తారు. షుగరు మాత్రలు వాడుతున్నా, గతంలో మందులు పడక దద్దుర్లు వచ్చినా, కిడ్నీ జబ్బు ఉన్నా ముందే చెప్పాలి.

మూడోది సిస్టోస్కోపీ. సన్నని గొట్టం చివర కెమెరాతో మూత్రాశయం లోపల నేరుగా చూడటం. 1877లో జర్మనీకి చెందిన మాక్సిమిలియన్ నిట్సే దీనికి దారి వేశాడు. మన భాషలో చెప్పాలంటే, పుస్తకాల్లో నిల్వ సరిపోయినా స్ట్రాంగ్‌రూమ్ తెరిచి కట్టలు లెక్కపెట్టనిదే తనిఖీ పూర్తి కాదు కదా! ఇదీ అంతే. స్కాన్ అనుమానం చెబుతుంది. చివరి మాట సిస్టోస్కోపీది, అక్కడి నుంచి తీసిన ముక్కకు చేసే బయాప్సీది.

ఇక ఎం.ఆర్.ఐ. పని వేరు. కణితి పై పొరలోనే ఉందా, గోడలోని కండరంలోకి దిగిందా అన్నది అంచనా వేయడానికి ఇది సాయపడుతుంది. 2018లో వచ్చిన వై-రాడ్స్ పద్ధతిలో రేడియాలజిస్టులు ఆ అనుమానానికి 1 నుంచి 5 వరకు అంకె వేస్తారు. అంకె పెరిగేకొద్దీ కండరంలోకి దిగిన అవకాశం ఎక్కువ. కణితిని తొలగించాక వాపు, మచ్చ బొమ్మను గజిబిజి చేస్తాయి కాబట్టి ఎం.ఆర్.ఐ. అవసరమైతే వీలైనంత వరకు ముందే తీయిస్తారు. పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పాలి.

ఈ తేడా ఎందుకంత ముఖ్యమంటే, చికిత్స దారి దానితోనే మారుతుంది. బయటపడే సమయానికి నలుగురిలో దాదాపు ముగ్గురికి జబ్బు కండరం దాకా పోయి ఉండదు. వారికి మూత్రాశయాన్ని ఉంచి, లోపలి నుంచే కణితిని గీకి తీయవచ్చు. కండరంలోకి దిగితే చాలామందికి మూత్రాశయాన్నే తీసేసే పెద్ద ఆపరేషనో, కీమోథెరపీ, రేడియేషనో అవసరమవుతాయి. వాయిదా వేసిన నెలల ఖరీదు ఇదే.

2022లో ప్రపంచమంతటా 6 లక్షలకు పైగా కొత్త కేసులు వచ్చాయి. కారణాల్లో మొదటిది పొగ. సిగరెట్టయినా బీడీ అయినా ఆ విషాలు రక్తంలో కలిసి, మూత్రంలో చేరి, గంటల తరబడి మూత్రాశయంలో నిలిచి ఉంటాయి. రంగుల కర్మాగారాల్లో పనివారికి ఈ జబ్బు వస్తోందని ఫ్రాంక్‌ఫర్ట్ సర్జన్ లుడ్విగ్ రేన్ 1895లోనే గుర్తించాడు. రాంట్‌జెన్ ఎక్స్-రే కనిపెట్టిన ఏడాది కూడా అదే. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే ఇదే కోల్‌కతాలో, ప్రెసిడెన్సీ కాలేజీలో జగదీశ్ చంద్రబోస్ సొంతంగా ఎక్స్-రే పరికరం తయారుచేసుకున్నారు. వాట్‌గంజ్‌కు దగ్గరలోని ఎస్.ఎస్.కె.ఎం. ప్రభుత్వ ఆసుపత్రి ఉన్న రోడ్డుకు ఆయన పేరే పెట్టారు. పెద్దాయన చెప్పిన 'పెద్దాసుపత్రి' కూడా అదే.

మన ఇళ్లలో ఆడవాళ్ల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. ఈ జబ్బు మగవారిలోనే ఎక్కువ. అందుకే ఆడవారికి రక్తం కనిపిస్తే 'యూరిన్ ఇన్ఫెక్షన్' అని మందులతో సరిపెట్టే ప్రమాదం ఉంది. మందులు వాడాక కూడా రక్తం తగ్గకపోయినా, మళ్లీ వచ్చినా, కల్చర్ పరీక్షలో ఇన్ఫెక్షన్ లేదని తేలినా యూరాలజిస్టును కలవాలి. ఏటా చేయించుకునే ఆరోగ్య పరీక్షల కాగితాల్లో షుగరు, కొలెస్ట్రాల్ చూసి ఫైలు మూసేస్తాం. యూరిన్ రిపోర్టులో 'ఎర్ర రక్తకణాలు' అనే వరుసను కూడా చూసి, అవి ఎక్కువగా ఉంటే డాక్టరుకు చూపించండి.

పెద్దాయన విషయానికి వస్తే, కొడుకును వెంటబెట్టుకుని వెళ్లి కెమెరా పరీక్ష చేయించుకున్నాడు. పెసరగింజంత కణితి కనిపించింది, తీసేశారు. కండరంలోకి దిగలేదని బయాప్సీ చెప్పింది. ఈ జబ్బుకు మళ్లీ మొలిచే గుణం ఉంది కాబట్టి మూడు నెలలకు మళ్లీ చూపించుకోమన్నారు. ఆ తేదీని పాస్‌బుక్కు అట్ట మీద రాయించుకున్నాడు. బీడీ మానేశానంటున్నాడు. వాళ్లావిడ మాత్రం ఇంకా నమ్మడం లేదు.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగితే రిపోర్టులతో పాటు స్కాన్ సి.డి.లు, ఫిల్ములు కూడా తేదీల వారీగా దాచండి. పాత బొమ్మ పక్కన పెట్టి చూస్తేనే కొత్త బొమ్మలోని మార్పు డాక్టరుకు తెలుస్తుంది. స్కాన్‌లో ఏమీ లేదన్నప్పుడు సంతోషించండి, కానీ లేచి వచ్చే ముందు ఒక్క మాట అడగండి: "అయితే ఆ రక్తం ఎక్కడి నుంచి వచ్చింది డాక్టరుగారూ?" దానికి జవాబు దొరికేదాకా ఆ ఫైలు మూయకండి.