పెట్రోలు కారును విద్యుత్ కారుగా మార్చడం

పెట్రోలు కారును విద్యుత్ కారుగా మార్చడం అనగా వాడుకలో ఉన్న పాత కారు నుండి పెట్రోలు ఇంజనును, దాని అనుబంధ భాగాలను తొలగించి, వాటి స్థానంలో విద్యుత్ మోటారు, బ్యాటరీలు, నియంత్రణ పరికరాలు అమర్చడం. కారు శరీరం, చక్రాలు, స్టీరింగు, బ్రేకులు, చాలా సందర్భాలలో గేరుబాక్సు కూడా పాతవే ఉంటాయి. అనేక దేశాలలో దీనిని ఔత్సాహికులు ఇంటి వద్దనే చేస్తారు. భారతదేశంలో ఇలా మార్చిన కారు రోడ్డు మీద తిరగాలంటే ఆమోదం పొందిన కిట్‌ను, అధీకృత సంస్థ చేత అమర్చించుకోవాలి. ఈ రంగంలో హైదరాబాదు, సికింద్రాబాదు జంటనగరాలకు ప్రత్యేక స్థానం ఉంది.

చరిత్ర

విద్యుత్ కార్లు 19వ శతాబ్దం చివరి నుండి ఉన్నాయి. చౌకగా లభించిన పెట్రోలు, మెరుగుపడిన ఇంజన్ల కారణంగా 1920ల తరువాత అవి మరుగున పడ్డాయి. అమెరికాలో 1967లో విద్యుత్ వాహనాల ఔత్సాహికులు ఎలక్ట్రిక్ ఆటో అసోసియేషన్ అనే సంఘాన్ని స్థాపించారు. 1973 చమురు సంక్షోభం తరువాత ఇంటి వద్ద కార్లను మార్చుకోవడంపై ఆసక్తి పెరిగింది. ఆ కాలంలో లెడ్-యాసిడ్ బ్యాటరీలు, డీసీ మోటార్లు వాడేవారు. భారతదేశంలో 2001లో బెంగుళూరు నుండి వచ్చిన రేవా కారు కూడా లెడ్-యాసిడ్ బ్యాటరీలతోనే నడిచేది. లిథియం బ్యాటరీలు అందుబాటులోకి వచ్చిన తరువాత ఈ పని స్వరూపం మారిపోయింది.

తొలగించేవి, నిలుపుకొనేవి

మార్పిడికి తేలికైన, తుప్పు పట్టని, మాన్యువల్ గేర్లు గల చిన్న కారు అనువైనది. మారుతి 800 (తయారీ 1983 – 2014) ఇందుకు మంచి ఉదాహరణ. 796 సీసీ ఇంజను గల ఈ కారు బరువు సుమారు 650 కిలోలు.

ఇంజను, రేడియేటరు, పెట్రోలు ట్యాంకు, సైలెన్సరు, పొగ గొట్టాలు తొలగిస్తారు. గేరుబాక్సు, ముందు చక్రాలను తిప్పే ఇరుసులు అలాగే ఉంచుతారు. మోటారును గేరుబాక్సుకు కలపడానికి ఒక లోహపు పలక, రెండు ఇరుసులను కలిపే కప్లింగు అవసరం. వీటిని లేతు యంత్రం మీద చాలా కచ్చితంగా తయారు చేయాలి. రెండు ఇరుసుల కేంద్రాలు ఏ మాత్రం పక్కకు జరిగినా కంపనం పుట్టి బేరింగులు త్వరగా పాడవుతాయి.

మోటారు, కంట్రోలరు

పాత పద్ధతిలో డీసీ సిరీస్ మోటారు వాడేవారు. దీనిలోని కార్బన్ బ్రష్‌లు అరిగిపోతాయి. ప్రస్తుతం ఏసీ ఇండక్షన్ మోటారు లేదా శాశ్వత అయస్కాంతాలు గల మోటారు వాడుతున్నారు. నగరంలో తిరిగే చిన్న కారుకు నిరంతరంగా 10 నుండి 15 కిలోవాట్ల శక్తి ఇవ్వగల మోటారు సరిపోతుంది. ఆగి ఉన్నప్పటి నుండే పూర్తి బలాన్ని ఇవ్వడం విద్యుత్ మోటారు ప్రత్యేకత. పెట్రోలు ఇంజనుకు ఆ బలం రావాలంటే కొంత వేగం అందుకోవాలి.

బ్యాటరీ నుండి మోటారుకు ఎంత విద్యుత్తు వెళ్ళాలో కంట్రోలరు నిర్ణయిస్తుంది. యాక్సిలరేటరు పెడలుకు తీగ బదులు ఒక సెన్సారు అమర్చి దానిని కంట్రోలరుకు కలుపుతారు. పెడలు వదిలినప్పుడు మోటారు జనరేటరుగా పని చేసి కొంత శక్తిని తిరిగి బ్యాటరీకి పంపే ఏర్పాటు కూడా ఉంటుంది.

బ్యాటరీ లెక్క

మార్పిడిలో అతి ముఖ్యమైన అంశం మోటారు కాదు, బ్యాటరీ బరువు. ఒక లీటరు పెట్రోలులో సుమారు 9 కిలోవాట్-గంటల, అనగా 9 యూనిట్ల శక్తి ఉంటుంది. మారుతి 800 ట్యాంకులో పట్టే 28 లీటర్లలో ఉండే శక్తి సుమారు 250 యూనిట్లు. అయితే పెట్రోలు ఇంజను దీనిలో దాదాపు నాలుగవ వంతును మాత్రమే చక్రాలకు అందిస్తుంది, మిగిలినది వేడిగా పోతుంది. విద్యుత్ మోటారు తనకు అందిన శక్తిలో 85 నుండి 90 శాతాన్ని చలనంగా మారుస్తుంది. అందువలన చాలా తక్కువ శక్తితోనే కారు నడుస్తుంది.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్ సాధారణ వోల్టేజి 3.2 వోల్టులు. 150 ఆంపియర్-గంటల సామర్థ్యం గల సెల్‌లు 30 వరుసగా కలిపితే 96 వోల్టులు, 14.4 యూనిట్ల బ్యాటరీ తయారవుతుంది. దీనిలో 80 శాతం, అనగా 11.5 యూనిట్లు వాడుకోవచ్చు. చిన్న కారుకు కిలోమీటరుకు 120 వాట్-గంటలు ఖర్చవుతాయి అనుకుంటే సుమారు 96 కిలోమీటర్లు వెళ్ళవచ్చు. పెట్టెతో కలిపి ఈ బ్యాటరీ బరువు సుమారు 120 కిలోలు.

ఇదే 14.4 యూనిట్లు లెడ్-యాసిడ్ బ్యాటరీలలో నిల్వ చేయాలంటే, కిలోకు 35 వాట్-గంటల చొప్పున 400 కిలోలకు పైగా బ్యాటరీలు కావాలి. ఇది నలుగురు ప్రయాణికుల బరువు (సుమారు 260 కిలోలు) కంటే చాలా ఎక్కువ. పైగా ఎక్కువ కాలం మన్నాలంటే వీటిలో సగం శక్తిని మాత్రమే వాడుకోవాలి. అంత బరువుకు కారు స్ప్రింగులు, బ్రేకులు రూపొందించబడలేదు. లిథియం బ్యాటరీల విషయంలో కూడా బరువంతా డిక్కీలో పెడితే ముందు చక్రాల మీద భారం తగ్గి స్టీరింగు, బ్రేకుల పట్టు దెబ్బతింటుంది. కనుక సెల్‌లను ఇంజను గదిలోను, పెట్రోలు ట్యాంకు స్థానంలోను విభజించి అమర్చడం మేలు.

ఇతర మార్పులు

ఇంజను తొలగించినప్పుడు దాని మీద ఆధారపడిన మరికొన్ని పరికరాలు పని చేయవు. వాటికి ప్రత్యామ్నాయం చూడాలి.

బ్రేకులు: బ్రేకు బూస్టరు ఉన్న కార్లలో అది ఇంజను పీల్చే గాలి వలన కలిగే శూన్యంతో పని చేస్తుంది. దాని కొరకు విడిగా విద్యుత్ వాక్యూమ్ పంపు అమర్చాలి. లేనిచో బ్రేకు చాలా గట్టిగా తొక్కవలసి వస్తుంది.

12 వోల్టుల వ్యవస్థ: దీపాలు, హారను, వైపర్లకు విద్యుత్తును ఇంజనుతో తిరిగే ఆల్టర్నేటరు సమకూర్చేది. ఇప్పుడు ఆ పనిని పెద్ద బ్యాటరీ వోల్టేజిని తగ్గించే డీసీ కన్వర్టరు చేస్తుంది.

ఎయిర్ కండిషనరు: దీని కంప్రెసరును తిప్పడానికి వేరే మోటారు కావాలి. దీని వలన కారు వెళ్ళగల దూరం తగ్గుతుంది.

భద్రత

వాహన ప్రమాణాల ప్రకారం 60 వోల్టులకు మించిన డీసీ విద్యుత్తును అధిక వోల్టేజిగా పరిగణిస్తారు. పై ఉదాహరణలోని 96 వోల్టులు ప్రాణాపాయం కలిగించగలవు. 15 కిలోవాట్ల వద్ద తీగలలో 150 ఆంపియర్లకు పైగా విద్యుత్తు ప్రవహిస్తుంది. ఇటువంటి బ్యాటరీ పొరపాటున షార్ట్ అయితే పానా కూడా కరిగిపోతుంది. అందువలన తగిన ఫ్యూజు, తాళంచెవి తిప్పినప్పుడు మాత్రమే కలిసే కాంటాక్టరు, అత్యవసరంగా విద్యుత్తును ఆపే మీట తప్పనిసరి. అధిక వోల్టేజి తీగలను నారింజ రంగులో ఉంచుతారు. వాటికి కారు శరీరంతో ఎక్కడా సంబంధం ఉండరాదు.

ప్రతి సెల్ వోల్టేజిని, ఉష్ణోగ్రతను గమనించే బ్యాటరీ నిర్వహణ వ్యవస్థ ఉండాలి. ఒక్క సెల్ అతిగా ఛార్జి అయినా అది వేడెక్కి పక్క సెల్‌లకు వేడిని అంటించవచ్చు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్‌లు వేడిని కొంత ఎక్కువగా తట్టుకుంటాయి. అయినా తెలంగాణ వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది కనుక బ్యాటరీ పెట్టెకు గాలి ప్రసరణ అవసరం.

ఛార్జి చేసే చోటు కూడా ముఖ్యమే. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాదులో పాస్‌పోర్టు కార్యాలయం సమీపాన, కింద విద్యుత్ స్కూటర్ల షోరూము, పైన లాడ్జి ఉన్న భవనంలో అగ్నిప్రమాదం జరిగి 8 మంది మరణించారు. దట్టమైన పొగ పై అంతస్తులకు వ్యాపించడం ప్రాణనష్టానికి ప్రధాన కారణం. అది మార్పిడి చేసిన కార్లకు సంబంధించినది కాకపోయినా, అపార్టుమెంటు సెల్లారులో మెట్ల దారికి ఆనుకొని బ్యాటరీలను ఛార్జి చేయరాదన్న హెచ్చరిక అందులో ఉంది. ఇంటిలోని 15 ఆంపియర్ల సాకెట్ ద్వారా 3 కిలోవాట్ల ఛార్జరుతో పై బ్యాటరీ నిండడానికి సుమారు 5 గంటలు పడుతుంది. ఇంటికి మంజూరైన విద్యుత్ లోడు దీనికి సరిపోతుందో లేదో ముందుగా చూసుకోవాలి.

చట్టపరమైన నియమాలు

మోటారు వాహనాల చట్టం, 1988 లోని 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకు భిన్నంగా వాహనాన్ని యజమాని తన ఇష్టప్రకారం మార్చరాదు. 2016 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం మోటారు వాహనాల నియమావళిని సవరించి విద్యుత్ కిట్‌లను అనుమతించింది. ఆ నియమాలలో ముఖ్యమైనవి:

కిట్ తయారీదారు ఏఐఎస్-123 ప్రమాణం ప్రకారం గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ నుండి ఆమోదం పొందాలి.
తయారీదారు అధికారమిచ్చిన వారే కిట్‌ను అమర్చాలి.
వాహనం 1990 జనవరి 1న గాని, ఆ తరువాత గాని తయారైనదై ఉండాలి.
మార్పిడి తరువాత రిజిస్ట్రేషను పత్రంలో ఇంధనం వివరాన్ని మార్పించుకోవాలి.

సికింద్రాబాదు వాహనాల రిజిస్ట్రేషను పనులను తిరుమలగిరిలోని రవాణా శాఖ కార్యాలయం చూస్తుంది. విడిభాగాలు కొని ఇంటి వద్ద స్వయంగా మార్చిన కారు ఎంత బాగా నడిచినా ఈ నియమాల ప్రకారం రోడ్డు మీదకు రాకూడదు. బీమా సంస్థకు తెలియజేయని మార్పు వలన ప్రమాదం జరిగినప్పుడు పరిహారం తిరస్కరించబడే అవకాశం ఉంది. అటువంటప్పుడు గాయపడిన వారికి చెల్లించవలసిన భారం యజమాని మీద పడవచ్చు.

జంటనగరాలలో

2018లో హైదరాబాదుకు చెందిన ఈ-ట్రియో సంస్థ కార్లను విద్యుత్ వాహనాలుగా మార్చే కిట్‌కు పుణెలోని ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా ఆమోదం పొందింది. ఇటువంటి ఆమోదం పొందిన తొలి భారతీయ సంస్థగా ఇది వార్తలకెక్కింది. మారుతి ఆల్టో, వ్యాగన్ ఆర్ వంటి కార్లను ఈ సంస్థ మార్చింది. తరువాత సరకు రవాణా చేసే విద్యుత్ మూడు చక్రాల వాహనాల వైపు మళ్ళింది. 2020లో ప్రకటించిన తెలంగాణ విద్యుత్ వాహనాల విధానంలో కూడా మార్పిడి రాయితీ ఆటోరిక్షాలకే కల్పించబడింది. మొదటి 5,000 ఆటోలకు మార్పిడి ఖర్చులో 15 శాతం, గరిష్ఠంగా 15,000 రూపాయలు ఇవ్వాలని దానిలో నిర్ణయించారు. రోజంతా తిరిగే వాహనానికి ఇంధనం మీద మిగిలే సొమ్ముతో ఖర్చు త్వరగా తిరిగి వస్తుంది. రోజుకు కొద్ది కిలోమీటర్లు మాత్రమే తిరిగే సొంత కారుకు అలా రాదు.

లాభనష్టాలు

మార్చిన కారుకు ఆయిలు మార్పు, స్పార్కు ప్లగ్గులు, పొగ పరీక్ష అవసరం ఉండవు. నడిపే ఖర్చు పెట్రోలు కంటే చాలా తక్కువ. గట్టిగా ఉన్న కారు శరీరం తుక్కుగా పోకుండా ఉపయోగపడుతుంది. అయితే మార్పిడికి లక్షల రూపాయలు ఖర్చవుతుంది. దీనిలో ఎక్కువ భాగం బ్యాటరీ ధరే. మార్చినంత మాత్రాన వాహనం వయసు తగ్గదు. పాత కారులో గాలిసంచులు వంటి భద్రతా సౌకర్యాలు కొత్తగా రావు. కనుక మార్పిడికి ముందు కారు చాసిస్, బ్రేకులు, సస్పెన్షను ఎన్నేళ్ళు మన్నుతాయో పరీక్షించుకోవడం, కిట్ ఆమోద పత్రాన్ని స్వయంగా చూడడం అవసరం.