పిత్తపరిగె

మన తెలుగువారు ఎవనినైనను తేలికచేసి మాటాడవలసినప్పుడు ‘వాడొక పిత్తపరిగె’ అందురు. పరిగె యనగా చెరువులలోను, కాలువలలోను, వరిమళ్లలోను గుంపులు గుంపులుగా తిరుగాడు చిన్న చేప. బొచ్చెను, శీలావతిని, కొరమీనును తూచి అమ్మువాడు పరిగెలను కుప్పలు పోసి అమ్మును. అట్టి అల్పమైన చేపను గూర్చి వ్యాసమేల యని మన విద్యార్థులు అడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే.

ముందుగా పేర్ల సంగతి. ఇంట పరిగె యని వినిన బాలుడు పొలసర బజారులో దానినే కెరాండి యని అడిగి తెచ్చును. వెండిపట్టె వేసినట్లు ప్రక్కలు మెరయు మరియొక చిన్న చేపను మన ఒడియా మిత్రులు మహురాళి యందురు. శాస్త్రమున దీనికి మోలా యను పేరు కలదు. ఈ పేరు ఎక్కడనుండి వచ్చెనో తెలిసినచో వింతగా నుండును. ఈస్టిండియా కంపెనీ కొలువున వైద్యుడుగా నుండిన ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపలను గూర్చి 1822లో ఒక గ్రంథమును ప్రకటించెను. అందు ఆయన పలు చేపలకు ఆ ప్రాంతపు జనులు పిలుచు పేర్లనే లాటిను వేషము వేసి నిలిపెను. మోలా అట్లు నిలిచినదే. కనుక బెస్తవాని నోట పలికిన మాటయే నేడు లోకమందలి విద్వాంసుల పుస్తకములలో నున్నది. ఇంట వినిన పేరును, అంగడిలో వినిన పేరును రెండింటిని ఎరిగియుండుట మన పిల్లలకు బరువు కాదని మా అభిప్రాయము.

పరిగెకు దూరదేశములందును బంధువులు గలవు. యూరపు ఖండమున గులకరాళ్లపై పారు చల్లని వాగులలో మిన్నో అను చేప నివసించును. దాని పొడవు సాధారణముగా మూడు నాలుగు అంగుళములకు మించదు. గుడ్లుపెట్టు కాలమున మగచేపల కడుపు ఎఱ్ఱబారును. ఇదియు మన పరిగెయు ఒకే క్రమమునకు చెందినవి. అచ్చటను దానికి పెద్ద గౌరవము లేదు. గాలమునకు ఎరగా గ్రుచ్చుటకే అది పనికివచ్చునని జాలరుల తలంపు. 1653లో గాలపు వేటను గూర్చి ప్రసిద్ధ గ్రంథమును వ్రాసిన ఐజాక్ వాల్టన్ అను ఆంగ్లేయుడు మాత్రము దీనిని వండు విధమును చెప్పెను: ఉప్పుతో బాగుగా కడిగి, తలలును తోకలును కోసి, లోపలి భాగములు తీసివేసి, గ్రుడ్డు సొనతో వేయింపవలెనట. ఈ తలలు కోయు సంగతిని చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక. మరల దానికి వత్తుము.

ఇట్టి మిన్నోను గురువుగా చేసికొన్నవాడు ఆస్ట్రియా దేశపు కార్ల్ ఫాన్ ఫ్రిష్. తేనెటీగల నాట్యభాషను కనుగొని 1973లో నోబెల్ బహుమానమును పంచుకొన్న మహనీయు డీయనయే. ఆ కాలమున చేపలకు రంగులు తెలియవని ఒక గొప్ప నేత్రవైద్యుడు వాదించుచుండెను. ఫ్రిష్ మిన్నోలకు రంగులను చూపి మేత పెట్టుట నేర్పి, అవి రంగులను గుర్తించునని నిరూపించెను. అంతకంటె అబ్బురమైనది 1938లో ప్రకటించిన విషయము. గాయపడిన ఒక మిన్నోను గుంపులోనికి వదలినంతనే తక్కినవన్నియు బెదరి పారిపోయెను. గాయపడిన చేప అరచినదా? ఏ సంజ్ఞయైన చేసినదా? అదేమియు కాదు. దాని చర్మము చిట్లినప్పుడు నీటిలో కలిసిన ఒక పదార్థపు వాసనయే ఆ బెదురునకు కారణమని ఆయన పరీక్షలు చేసి తేల్చెను. చచ్చిన చేప చర్మమును నలిపి ఆ నీటిని పోసినను గుంపు చెదరిపోయెను. ఈ భయపదార్థము మిన్నోకే పరిమితము గాక పరిగెల వంశమున విస్తారముగా కనబడుచున్నది. కొక్కెర ముక్కున నొక పరిగె చిక్కగానే తక్కినవి తటాలున మాయమగుటకు ఇదియు నొక కారణము.

వినికిడి విషయమునను ఇవి తీసిపోవు. చేప కడుపులో గాలితిత్తి యుండును. పరిగెలలోను, జెల్లలలోను ఆ తిత్తినుండి లోపలి చెవివరకు చిన్న యెముకల గొలుసు కలదు. దీనిని 1820లో వెబర్ అను జర్మను పండితుడు వర్ణించెను. నీటిలోని ధ్వనికి తిత్తి అదరును, ఆ అదురు ఎముకల గుండా చెవికి చేరును.

ఇక మన చెరువునకు వత్తుము. ఋషికుల్యయు, దాని ఉపనదులైన బడానది, బాఘువా, ధనేయి మొదలగునవియు తడుపు ఈ గంజాం సీమలో చెరువు లేని ఊరు అరుదు. తొలకరి వానలకు చెరువు నిండి మళ్లలోనికి నీరు పారునప్పుడు పరిగెలు ఎదురెక్కి పోయి గుడ్లుపెట్టును. వీటికి విత్తనము కొనవలసిన పని లేదు. మోలా చెరువులోనే ఏటికి పలుమార్లు గుడ్లుపెట్టును. పేదవాని యింట బొచ్చె పండుగనాటి కూర కాగా, చిరుచేపలు మామూలు దినములలోను వండుకొనదగినవి.

వీటి విలువను ఎంచి చూపినవారిలో ముఖ్యురాలు శకుంతలా హరక్‌సింగ్ థిల్‌స్టెడ్. భారతదేశమునుండి ట్రినిడాడ్ ద్వీపమునకు వలసపోయిన కుటుంబపు ఆడపడుచు. బంగ్లాదేశమున చిరుచేపలను గూర్చి ఆమె చేసిన కృషికి 2021లో ప్రపంచ ఆహార పురస్కారము లభించెను. నూరు గ్రాముల మోలాలో ‘ఎ’ విటమిను 2500 మైక్రోగ్రాములకు పైగా ఉన్నదని లెక్క తేలినది. నాలుగు మొదలు ఎనిమిదేండ్ల వయసు బిడ్డకు దినమునకు కావలసినది సుమారు 400 మైక్రోగ్రాములు మాత్రమే. ఈ విటమిను కొరవడినచో పిల్లలకు రేచీకటి వచ్చును. మరియు ఆ విటమినులో అధికభాగము చేప కన్నులలోను, లోపలి అవయవములలోను ఉన్నది. తలలు గిల్లివేసినచో మేలైన భాగమును పిల్లి పాలు చేసినట్లే! వాల్టన్ చెప్పిన పాకమున జరుగునది ఇదియే. మన తల్లులలోను కొందరు శుభ్రత కొరకు తలలు తీసివేయుదురు. తలతోను ముండ్లతోను తినినచో ఎముకలలోని సున్నము కూడ ఒంటబట్టును. ఒడియావారి వలె ఆవముద్దతో బేసర చేసినను, మన వలె చింతపండు పులుసు పెట్టినను సరియే. బాగుగా ఉడికిన చిన్న ముండ్లు మెత్తబడును.

ఇంత మేలుచేయు చేపకు మన చెరువులలో ఆపద కలదు. శీలావతి, బొచ్చె పిల్లలను విడుచుటకు ముందు చెరువును ‘శుభ్రము’ చేయు పద్ధతి యొకటి చిరకాలముగా సాగుచున్నది. ఇప్పగింజల నూనె తీయగా మిగిలిన చెక్కను, మీటరు లోతు నీటికి హెక్టారునకు 2500 కిలోల చొప్పున, నీటిలో కలుపుదురు. దానిలోని విషమునకు చేపలన్నియు తేలిపోవును. రెండు మూడు వారములలో విషము విరిగి, చెక్క ఎరువుగా మారును. పెంపుడు పిల్లలను తినివేయు కొరమీనులను, మట్టగిడసలను తొలగించుటకు ఇది ఉపాయమే, కాదనము. కాని ఎవరిని తినని మోలాయు, పరిగెయు ‘కలుపు చేప’ లను పేర ఆ లెక్కలోనే చచ్చుచున్నవి. పొలములలో చల్లు పురుగుమందులు కాలువల వెంట చెరువు చేరి చేయు హాని వేరు.

కార్పు చేపలతో కలిపి మోలాను పెంచినను పెద్ద చేపల దిగుబడి తగ్గదని బంగ్లాదేశపు చెరువులలో చేసిన పరిశీలనలు చూపినవి. ఒడిశాలోను ఇటీవలి సంవత్సరములలో మహిళా స్వయంసహాయక సంఘములు పంచాయతీ చెరువులలో శీలావతి, బొచ్చెలతోపాటు మోలాను పెంచుచున్నవి. పెద్ద చేపలను అమ్మకమునకు ఉంచి, చిన్న కన్నుల వలతో వారమునకొక మారు మోలాను ఇంటి కూరకు పట్టుకొనవచ్చును.

మన గ్రామములలో చెరువు వేలము జరుగునప్పుడు పాటదారు ఎంత చెల్లించునన్నదే చర్చ. చెక్క కలుపుట తప్పనిసరియా, వల లాగి కొరమీనులను తీసివేసిన చాలదా యని ఆ సభలో అడుగుటకు తల్లిదండ్రులకు హక్కు కలదు. ఒకవేళ చెక్క కలుపుట తప్పనిచో, ముందుగా నాలుగు కుండల మోలాను పట్టి ప్రక్క గుంటలో విడిచియుంచి, నీరు తేరిన పిమ్మట మరల చెరువున వదలవచ్చును. మోలా ఒంటి పొలుసు మిక్కిలి సున్నితము, చేతితో పట్టినచో రాలి చేప చచ్చును. కనుక చల్లని ఉదయమున, నీటితోనే ముంచి తీయవలెను.