పేరున్న కాలేజీ, తీర్చాల్సిన మిత్తి

ఇంటర్ ఫలితాలు వచ్చిన వెంటనే ప్రతి ఇంట్లోనూ రెండు లెక్కలు మొదలవుతాయి. ఏ కాలేజీలో చేరితే పిల్లల భవిష్యత్తు బాగుంటుందన్నది ఒకటి. ఆ చదువుకయ్యే డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, తెచ్చిన అప్పును ఎవరు ఎన్నేళ్లలో తీర్చాలి అన్నది రెండోది. మొదటి లెక్క గురించి చుట్టాలు, ట్యూషన్ మాస్టర్లు, కాలేజీల ఏజెంట్లు అందరూ మాట్లాడతారు. రెండోది మాత్రం ఆ ఇంటి పెద్దకే మిగులుతుంది. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డలో, అందునా మల్దకల్ లాంటి మండలాల్లో, ఈ రెండో లెక్కే బరువైనది. 2011 జనాభా లెక్కల నాటికి ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లా పరిధిలో చదవడం, రాయడం వచ్చినవారు సగానికి కాస్త తక్కువే. తెలంగాణ జిల్లాలన్నిటిలోనూ ఇదే అట్టడుగు. అందుకే ఇక్కడ ఇంజినీరింగ్‌లోనో డిగ్రీలోనో చేరే పిల్లల్లో చాలామంది తమ ఇంట్లో కాలేజీ గడప తొక్కుతున్న మొదటివారు. ఫీజుల లెక్క తెలిసిన పెద్ద దిక్కు ఇంట్లో ఉండదు.

ఈ ప్రాంతపు డబ్బు ఏ నెలలో చేతికొస్తుందో తెలిస్తే సమస్య సగం అర్థమవుతుంది. గద్వాల, మల్దకల్, ధరూర్, అయిజ చుట్టుపక్కల సీడ్ పత్తి ప్రధాన పంట. మామూలు పత్తిలా దీన్ని తెంపి మార్కెట్లో అమ్ముకోవడం కుదరదు. కంపెనీ తరఫున ఆర్గనైజర్ ఆడ, మగ విత్తనాలు ఇస్తాడు, పెట్టుబడికి అడ్వాన్సు ఇస్తాడు, దానికి మిత్తి కట్టుకుంటాడు. పూత మొదలైతే రోజూ సాయంత్రం మొగ్గల్లోని పుప్పొడి భాగాన్ని చేత్తో తీసేయాలి, మర్నాడు పొద్దున మగ పువ్వును తెచ్చి రుద్దాలి. క్రాసింగ్ అనే ఈ పనికి కూలీలు బాగా కావాలి. ఒకప్పుడు బడి మానిన పిల్లలే ఈ పనికి ఎక్కువగా వెళ్లేవారు. పంట వచ్చి, గింజ వేరుచేసి, నాణ్యత పరీక్షల్లో నెగ్గాక, అడ్వాన్సు పోను మిగిలిన డబ్బు ఎన్నో నెలలకు గానీ రాదు. కాలేజీ కౌన్సెలింగ్ మాత్రం జూలై, ఆగస్టుల్లోనే నడుస్తుంది. సరిగ్గా అప్పుడే చేనుకు కూలీల ఖర్చు తలకు మించి ఉంటుంది, చేతిలో రూపాయి ఉండదు. సీటు ఖరారు చేసుకోవడానికి వారమో పది రోజులో గడువు. ఆ గడువులో అప్పు పుట్టేది ఆర్గనైజర్ దగ్గరో, ఊళ్లో వడ్డీకిచ్చేవారి దగ్గరో. ఫీజు పెద్దదా చిన్నదా అనేదాని కన్నా, ఆ ఫీజు ఈ నెలలో పడటమే చాలా కుటుంబాలను ఖరీదైన అప్పులోకి దించుతోంది.

పేరున్న చదువంటే ఖరీదైన చదువని అందరూ అనుకుంటారు. అమెరికా విషయంలో అది చాలావరకు నిజం. అక్కడ ప్రసిద్ధ ప్రైవేటు విశ్వవిద్యాలయాల ఫీజులే అత్యధికం. ఫెడరల్ విద్యా రుణాలు తీసుకున్నవారు 4 కోట్లకు పైనే ఉన్నారు, మొత్తం బాకీ ఒకటిన్నర లక్షల కోట్ల డాలర్లు దాటింది. మన దేశంలో పరిస్థితి తలకిందులు. అన్నిటికన్నా పేరున్నవి ప్రభుత్వ సంస్థలు, పేద పిల్లలకు అన్నిటికన్నా చవకైనవీ అవే. ఐఐటీల ట్యూషన్ ఫీజును 2016లో ఏడాదికి 90 వేల నుంచి 2 లక్షలకు పెంచారు. అప్పుడే ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు, ఏటా లక్ష లోపు ఆదాయమున్న కుటుంబాల పిల్లలకు ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ చేశారు. లక్ష నుంచి 5 లక్షల మధ్య ఆదాయం ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ. వరంగల్ ఎన్ఐటీ లాంటి సంస్థల్లోనూ ఇదే పద్ధతి. వైద్యంలో తేడా ఇంకా పెద్దది. తెలంగాణ ప్రభుత్వ వైద్య కళాశాలలో ఎంబీబీఎస్ ఫీజు ఏడాదికి 10 వేలు. అదే ఎంబీబీఎస్‌కు ప్రైవేటు కాలేజీ బీ కేటగిరీ సీటులో 11 లక్షల పైమాటే. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. గద్వాలలో ఉన్నవి 50 సీట్లే అయినా, నడిగడ్డ పిల్లలకు అతి చవకైన వైద్య విద్య ఇప్పుడు పక్క ఊళ్లోనే ఉంది.

కాబట్టి పేరా, చవకా అనే పోటీ ఐఐటీల దగ్గర పుట్టడం లేదు. ర్యాంకు కొద్దిలో తప్పిన తర్వాత ఎదురయ్యే మధ్య అంతస్తులో పుడుతోంది. హైదరాబాద్ చుట్టూ ఉన్న ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలు, వాటిని మించిన ఫీజులున్న ప్రైవేటు విశ్వవిద్యాలయాలు ఈ అంతస్తులోనివే. కాలేజీల ఫీజులను తెలంగాణ ప్రవేశాలు, ఫీజుల నియంత్రణ కమిటీ మూడేళ్లకోసారి ఖరారు చేస్తుంది. 2022–25 కాలానికి ఇంజినీరింగ్‌లో కనీస ఫీజు 45 వేలు ఉండగా, పేరున్న కాలేజీల్లో లక్షన్నర దాటింది. సీట్లలో 70 శాతం ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చే కన్వీనర్ కోటా, 30 శాతం యాజమాన్యం నింపుకునే మేనేజ్‌మెంట్ కోటా. ప్రైవేటు విశ్వవిద్యాలయాల ఫీజులు ఈ కమిటీ పరిధిలోకి రావు.

ఇక్కడే ఫీజు రీయింబర్స్‌మెంట్ గురించి వివరంగా తెలుసుకోవాలి. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం దీన్ని విస్తృతంగా అమలు చేయడంతో, కూలి ఇళ్ల పిల్లలకు ఇంజినీరింగ్ తలుపులు తెరుచుకున్నాయి. ఇప్పటికీ ఎందరికో ఇదే ఆధారం. అయితే పథకం పేరు విన్నంత మాత్రాన ఫీజంతా ప్రభుత్వమే కడుతుందనుకోవడం ప్రమాదం. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు కన్వీనర్ కోటాలో పూర్తి ఫీజు వస్తుంది. బీసీ, ఈబీసీ విద్యార్థులకు ప్రవేశ పరీక్షలో 10 వేల లోపు ర్యాంకుంటే పూర్తిగా వస్తుంది. ఆ పైన ర్యాంకున్నవారిలో ఎక్కువమందికి ఏడాదికి 35 వేల దగ్గర ఆగిపోతుంది. మేనేజ్‌మెంట్ కోటాకు అసలే వర్తించదు. మల్దకల్‌లోని ఒక బీసీ రైతు కుటుంబం అబ్బాయికి 30 వేల ర్యాంకు వచ్చిందనుకుందాం. ఫీజు 50 వేలున్న కాలేజీలో చేరితే ఇంటి నుంచి కట్టాల్సింది ఏడాదికి 15 వేలు, నాలుగేళ్లకు 60 వేలు. ఫీజు 1 లక్షా 60 వేలున్న కాలేజీలో సీటు వస్తే ఏడాదికి లక్షా 25 వేలు, నాలుగేళ్లకు 5 లక్షలు. హాస్టల్, మెస్ ఖర్చు రెండింటికీ ఉంటుంది కనుక దాన్ని పక్కన పెట్టినా, కేవలం కాలేజీ పేరు కోసం పెడుతున్నది 4 లక్షల 40 వేలు. వెబ్ ఆప్షన్లు పెట్టే ముందే ఈ తేడాను కాగితం మీద వేసుకోవాలి. చాలా ఇళ్లలో ఇది సీటు అలాట్ అయ్యాక, నెట్ సెంటర్లో ఆర్డర్ ప్రింటు తీశాక బయటపడుతోంది.

మరో చిక్కు బకాయిలు. ప్రభుత్వం నుంచి రీయింబర్స్‌మెంట్ సొమ్ము ఏళ్ల తరబడి ఆలస్యం కావడంతో 2025 సెప్టెంబరులో ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలు బంద్‌కు పిలుపునిచ్చాయి, నవంబరులో తరగతులే ఆపేశాయి. ఈ జాప్యం భారం చివరికి విద్యార్థి మీదే పడుతుంది. కోర్సు పూర్తయి ఉద్యోగం వచ్చినా, ప్రభుత్వం నుంచి డబ్బు రాలేదు, మీరు కట్టి తర్వాత తీసుకోండి అంటూ కొన్ని కాలేజీలు టీసీ, మెమోలు ఆపుతున్నాయి. అప్పటికప్పుడు లక్షో లక్షన్నరో తెచ్చి సర్టిఫికెట్లు విడిపించుకోవడం పేద కుటుంబాలకు మరో కొత్త అప్పు. ఇది ఏ రకంగానూ సమర్థించలేని పద్ధతి. ప్రభుత్వానికీ యాజమాన్యానికీ మధ్య ఉన్న బాకీకి విద్యార్థి సర్టిఫికెట్ తాకట్టు కాకూడదు.

అప్పు తప్పదన్నప్పుడు, ఎవరి దగ్గర తెస్తున్నామన్నది ఎంత తెస్తున్నామన్నదానికి ఏమాత్రం తీసిపోదు. ఊళ్లో నూటికి రెండు రూపాయల మిత్తి అంటే మామూలు రేటుగానే చెప్పుకుంటారు. ఏడాదికి అది 24 శాతం. 4 లక్షలు తెస్తే నెలకు 8 వేలు, ఏడాదికి 96 వేలు మిత్తికే పోతుంది. నాలుగేళ్లలో మిత్తి 3 లక్షల 84 వేలవుతుంది, అసలు అట్లాగే ఉంటుంది. బ్యాంకు విద్యా రుణం తీరు వేరు. 2001లో భారతీయ బ్యాంకుల సంఘం రూపొందించిన నమూనా పథకం ప్రకారం 4 లక్షల వరకు హామీ గానీ, విద్యార్థి వాటా గానీ అక్కర్లేదు. సాధారణంగా 7.5 లక్షలు దాటితేనే ఆస్తి తాకట్టు అడుగుతారు. చదివినంత కాలం, ఆ తర్వాత మరో ఏడాది వాయిదాలు కట్టనక్కర్లేదు. ఆ కాలంలో లెక్కగట్టేది బారువడ్డీ. తీర్చడానికి గరిష్ఠంగా 15 ఏళ్ల గడువు ఉంటుంది. ఏటా 4.5 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాల పిల్లలు న్యాక్ లేదా ఎన్‌బీఏ గుర్తింపున్న వృత్తి, సాంకేతిక కోర్సుల్లో చేరితే, వాయిదాలు మొదలయ్యే దాకా వడ్డీని కేంద్రమే భరించే పథకం 2009 నుంచి ఉంది. తహసీల్దార్ ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం దీనికి కీలకం, మీసేవలో ముందుగానే తీసి పెట్టుకోవాలి.

2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం ఇంకో అడుగు ముందుకు వేసింది. జాతీయ ర్యాంకుల్లో పైన ఉన్న సంస్థలు, కేంద్ర ప్రభుత్వ సంస్థలు కలిపి మొదట 860 దాకా ఎంపిక చేసి, వాటిలో సీటు వచ్చినవారికి ఆస్తి హామీ, పూచీకత్తు లేకుండానే రుణమిస్తారు. ఏటా 8 లక్షల లోపు ఆదాయం ఉండి, వేరే స్కాలర్‌షిప్ గానీ వడ్డీ రాయితీ గానీ పొందనివారికి 10 లక్షల రుణం దాకా, చదువు కాలంలో వడ్డీపై 3 శాతం రాయితీ ఉంటుంది. ఈ జాబితాను చూసుకోవడం రుణం కోసమే కాదు, కాలేజీకి నిజంగా ఎంత విలువుందో అంచనా వేసుకోవడానికీ పనికొస్తుంది. రోడ్ల పక్కన హోర్డింగుల మీద మెరిసే కాలేజీల పేర్లు ఎన్నో ఆ జాబితాలో కనిపించవు.

బ్యాంకు అప్పు కూడా తేలికేమీ కాదు. ఏడాదికి 2.5 లక్షల చొప్పున నాలుగేళ్లలో 10 లక్షలు, 10 శాతం వడ్డీకి తీసుకున్న విద్యార్థికి, ఏ రాయితీ లేకపోతే వాయిదాలు మొదలయ్యే నాటికి వడ్డీయే 3.5 లక్షలు చేరుతుంది. 13.5 లక్షలను పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 17,800 రూపాయలు కట్టాలి. మొత్తం కట్టేది 21 లక్షలు దాటుతుంది. 25 వేల జీతంతో హైదరాబాద్‌లో ఉద్యోగం మొదలుపెట్టే ఇంజినీరుకు గది అద్దె, తిండి పోను ఇంటికి పంపడానికి కాదు కదా, వాయిదాకే చాలదు. చేరబోయే బ్రాంచిలో కిందటేడాది మామూలు విద్యార్థులకు వచ్చిన జీతమెంత అనేది కాలేజీని అడగాల్సిన మొదటి ప్రశ్న. ప్రకటనలో వేసే అత్యధిక ప్యాకేజీ ఒక్కరిది. వాయిదా కట్టాల్సింది మాత్రం ప్రతి ఒక్కరూ.

మరి పేరుకు విలువే లేదా? ఉంది. ఆర్థికవేత్తలు స్టేసీ డేల్, అలన్ క్రూగర్ 2002లో అమెరికా విద్యార్థులపై ప్రచురించిన అధ్యయనంలో, ఒకే స్థాయి ప్రతిభ ఉన్నవారు పేరున్న కాలేజీలో చదివినా, అంత పేరు లేని దాంట్లో చదివినా తర్వాతి సంపాదనలో సగటున పెద్ద తేడా కనిపించలేదు. అయితే పేద కుటుంబాల నుంచి వచ్చినవారికి మంచి కాలేజీ వల్ల మేలు స్పష్టంగా జరిగింది. ఇంట్లో పరిచయాలు, ఆసరా లేని పిల్లలకు ఆ లోటును కాలేజీ తీరుస్తుందన్నమాట. నడిగడ్డ పిల్లలకు ఇది మరీ వర్తిస్తుంది. కాబట్టి చవకైనదే చాలని వారిని ఎక్కడో ఒకచోట చేర్చేయడం కూడా అన్యాయమే. నిజంగా నాణ్యమైన సంస్థలో, ఫీజు మాఫీతోనో రాయితీ ఉన్న బ్యాంకు రుణంతోనో సీటు దొరికితే వెనుకాడకూడదు. రెండు రూపాయల మిత్తికి తెచ్చి మేనేజ్‌మెంట్ సీటు కొనడంతో దీన్ని పోల్చలేం.

దగ్గర్లో ఉన్న దారులను తక్కువగా చూడటం కూడా అలవాటైపోయింది. గద్వాలలో మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ పేరిట ఉన్న ప్రభుత్వ డిగ్రీ కళాశాల తరతరాలుగా ఈ ప్రాంత పిల్లలకు చదువు చెబుతోంది. 2008లో ఏర్పడిన పాలమూరు విశ్వవిద్యాలయంలో పీజీ చదువు ఉంది. వనపర్తిలో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాల, బీసీ గురుకులాల మహిళా వ్యవసాయ డిగ్రీ కళాశాల ఉన్నాయి. వనపర్తి రాజుల ప్యాలెస్‌లో నడిచే కృష్ణదేవరాయ పాలిటెక్నిక్ ఎందరో సాంకేతిక నిపుణులను తయారుచేసింది. పదో తరగతి తర్వాత పాలీసెట్‌తో మూడేళ్ల డిప్లొమా, ఆపైన ఈసెట్‌తో నేరుగా ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో చేరడం ఖర్చు తగ్గించే మార్గం. కార్పొరేట్ ఇంటర్‌కు కట్టే లక్షలు దీంతో మిగులుతాయి. ఈ చవకైన దారుల్లోకి ఆడపిల్లలను పంపి, అప్పు చేసి మగపిల్లవాణ్ని హైదరాబాద్‌కు పంపే ఇళ్లూ ఉన్నాయి. ర్యాంకు చెల్లెలిదే మెరుగైనా లెక్క మారడం లేదు. ఇది మారాలి.

అప్పు విషయంలో చాలామందికి ఆలస్యంగా తెలిసే సంగతి ఇంకొకటుంది. విద్యా రుణం పత్రాల మీద విద్యార్థితో పాటు తల్లో తండ్రో సహ రుణగ్రహీతగా సంతకం పెడతారు. వాయిదాలు తప్పితే ఇద్దరి సిబిల్ స్కోరూ పడిపోతుంది. తర్వాత ఆ తండ్రి ట్రాక్టరుకో బోరుకో, చెల్లెలి చదువుకో రుణం అడిగితే బ్యాంకు ఈ బాకీని చూపిస్తుంది. ఉద్యోగం దొరకడం ఆలస్యమైతే వాయిదా తప్పక ముందే బ్రాంచికి వెళ్లి, గడువు పొడిగించమని, వాయిదాల మొత్తం తగ్గించి కాలం పెంచమని రాతపూర్వకంగా అడగవచ్చు. జీతం వచ్చాక కట్టే వడ్డీ మొత్తానికి ఆదాయపు పన్ను చట్టం కింద, పాత పన్ను విధానాన్ని ఎంచుకున్నవారికి ఎనిమిదేళ్ల దాకా మినహాయింపు ఉంటుంది.